నా సుర్ఖీ, మా చెల్లె మీద ఇల్జామ్

2019 ఆగస్టులో ఒక రాత్రి. పేజీ వదలడానికి ఇంకా పావుగంట ఉంది. కింద చిన్న జాగా ఖాళీగా ఉంటే, ఏజెన్సీ నుంచి వచ్చిన కాపీ ఒకటి తీసుకున్నాను. సిజేరియన్ కాన్పుతో పుట్టిన పిల్లల్లో ఆటిజం కనిపించే అవకాశం 33 శాతం ఎక్కువని అమెరికా వైద్య పత్రిక ఒకదాంట్లో వచ్చిన విశ్లేషణ సారాంశం అది. గబగబా తెలుగు చేసి, పైన 'సిజేరియన్‌తో ఆటిజం ముప్పు' అని సుర్ఖీ పెట్టాను. జాగా నిండింది. చాయ్ తాగి ఇంటికి వెళ్లిపోయాను.

వారం తర్వాత నిజామాబాద్ నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. ఆ ముక్కను ఎవరో ఫోటో తీసి ఖాందాన్ గ్రూపులో వేశారట. వాళ్ల సాస్ దాన్ని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరితో చదివిస్తోందట. "భాయ్‌జాన్, కోతతో కన్నందుకే బాబు ఇట్లయిండని అఖ్బార్‌లో పడిందంట. మీరు చదివిన్రా?" అని అడిగింది.

చదవడమేంటి, రాసిందే నేను. ఆ మాట ఆ రోజు నోటికి రాలేదు.

మా భాంజాకు అప్పటికి రెండేళ్లు దాటాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. ఏదన్నా కావాలంటే వేలితో చూపకుండా మన చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కెళ్లేవాడు. బొమ్మ కారు ఇస్తే తిరగేసి, ఒకే చక్రం తిప్పుకుంటూ అరగంట కూర్చునేవాడు. ఏడాది నిండేసరికి 'అబ్బా', 'పానీ' అనేవాడు. ఏడాదిన్నర వచ్చేసరికి ఆ రెండు మాటలూ పోయాయి.

ఇంట్లో ఒక కచేరీ మొదలైంది. ముల్జిమ్ ఒక్కతే, మా చెల్లె. పేట్‌సే ఉన్నప్పుడు గ్రహణం రోజు బయటికొచ్చిందన్నారు. మగ్రిబ్ వేళ జుట్టు విరబోసుకుని మిద్దె మీద నిలబడిందన్నారు. నజర్ తగిలిందన్నారు. ఫోన్ ఎక్కువ చూసిందన్నారు. ఒక ఆమిల్ తావీజ్ కట్టాడు, ఇంకొకాయన నలభై రోజులు దమ్ చేసిన పానీ తాగించాడు. వాటన్నిటి మీదా నా సుర్ఖీ వచ్చి సుబూత్ లాగా కూర్చుంది. గ్రహణం మాటను కాదనొచ్చు. అచ్చులో పడిన మాటను ఎట్లా కాదంటారు?

ఇన్ని ఇల్జాముల్లో ఒక్కటి కూడా మా బెహనోయి వైపు పోలేదు. ఆయన ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో కష్టపడి, ముగ్గురు చెల్లెళ్ల షాదీలు చేసి, 39 ఏళ్లకు తను షాదీ చేసుకున్నాడు. మా చెల్లెకు అప్పుడు పాతికేళ్లు. ఆ సంగతి మళ్లీ చెప్తాను.

ముందు నా తప్పు సంగతి. 33 శాతం అంటే సిజేరియన్ అయిన నూటికి 33 మంది పిల్లలకు ఆటిజం వస్తుందని మా చెల్లె సస్రాల్ అంతా అనుకుంది. అట్లా అనుకునేలా రాసింది నేనే. లెక్క ఇది. మామూలు కాన్పుతో పుట్టిన 1000 మందిలో 10 మందికి ఆటిజం ఉందనుకోండి. సిజేరియన్ అయిన 1000 మందిలో ఆ సంఖ్య 13 దాకా ఉంటుందని దాని అర్థం. మిగతా 987 మంది సంగతి నా సుర్ఖీలో లేదు.

ఇంకో పెద్ద తప్పు కూడా చేశాను. రెండు సంగతులు కలిసి కనిపించడం వేరు, ఒకటి రెండోదానికి కారణం కావడం వేరు. స్వీడన్‌లో సుమారు 27 లక్షల మంది పిల్లల రికార్డులు చూసిన అధ్యయనం 2015లోనే వచ్చింది. పైపైన చూస్తే అక్కడ కూడా సిజేరియన్ పిల్లల్లో ఆటిజం కొంచెం ఎక్కువే కనిపించింది. అప్పుడు వాళ్లు ఒకే తల్లి బిడ్డల్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఒకరు మామూలుగా, ఒకరు కోతతో పుట్టిన తోబుట్టువుల్ని పోల్చారు. తేడా మాయమైంది. అంటే అసలు సంగతి కోతలో లేదు. కోత దాకా తెచ్చే పరిస్థితుల్లోనో, ఆ కుటుంబానికి ముందే ఉన్న జన్యువుల్లోనో ఉంది. నేను సుర్ఖీ పెట్టేనాటికి ఆ అధ్యయనం వచ్చి నాలుగేళ్లయింది. వెతికితే దొరికేది. వెతకలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశం మొత్తంలో ఇదే ఎక్కువ. అక్కర లేని కోతల మీద కొట్లాడాల్సిందే. కానీ అది దవాఖానాలతో కొట్లాట. పిల్లవాడి ఆటిజాన్ని సాకుగా పెట్టుకుని ఆ కోత పడిన తల్లితో కొట్లాడటం జుల్మ్.

తల్లి మీద ఇల్జామ్ వేయడం మన మొహల్లాలు కనిపెట్టింది కాదు. పెద్ద పెద్ద డాక్టర్లే చేశారు. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసినప్పటి నుంచి ఆటిజానికి ఒక పేరంటూ వచ్చింది. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో వెచ్చదనం తక్కువని కూడా ఆయన రాశాడు. ఆ మాట పెరిగి పెరిగి 'రిఫ్రిజిరేటర్ తల్లి' అనే నింద అయింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ దాని మీద ఒక పుస్తకమే రాశాడు. తల్లి ప్రేమ చూపించలేదు కాబట్టి బిడ్డ లోపలికి ముడుచుకుపోయాడని దాని సారాంశం. కొన్ని వేల మంది తల్లులు ఆ గునా మోసుకుంటూ బతికారు.

దాన్ని ఎదిరించిన తొలి గొంతుల్లో ఒకటి ఒక తండ్రిది. బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన కొడుక్కి ఆటిజం. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన సంగతని, తల్లి పెంపకానికి దీనితో సంబంధం లేదని 1964లోనే పుస్తకం రాశాడు. 1977లో బ్రిటన్‌లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే ఇద్దరు 21 జతల కవలల్ని చూశారు. అచ్చుగుద్దినట్టు ఒకే పోలికతో ఉండే కవలలు 11 జతలు. వాటిలో నాలుగు జతల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు పోలికల కవలలు 10 జతలు. అందులో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. ఒక్కరికే ఆటిజం ఉన్న జతల్లో చాలా వాటిలో, ఆ ఒక్కరికే పుట్టుక సమయంలో మెదడుకు దెబ్బ తగిలే పరిస్థితి ఎదురైనట్టు కూడా గమనించారు. ఖాందాన్ నుంచి వచ్చేది, పుట్టుకలో ఎదురయ్యేది, రెండూ ఆ చిన్న అధ్యయనంలోనే కనిపించాయి.

తర్వాత ఈ పని చాలా పెరిగింది. 2019లో డెన్మార్క్, ఫిన్లాండ్, స్వీడన్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో 20 లక్షల మందికి పైగా పిల్లల లెక్కలు చూశారు. ఆటిజం ఒకరిలో ఉండి ఇంకొకరిలో లేకపోవడానికి సుమారు 80 శాతం వారసత్వ జన్యువులే కారణమని తేలింది. తల్లి ఒంటి వల్ల, హమల్ నాటి పరిస్థితుల వల్ల విడిగా వచ్చే ప్రభావం దాదాపు లేనంత తక్కువగా కనిపించింది. అదీ 2019లో వచ్చిందే. దానికి నేను సుర్ఖీ పెట్టలేదు. జన్యువులు తల్లి ఒక్కతే ఇచ్చేవి కావు. సగం దాదా ఇంటి నుంచి, సగం నానా ఇంటి నుంచి వస్తాయి. కొన్ని మార్పులు ఎవరి దగ్గరా లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడతాయి.

ఇప్పుడు తండ్రి వయసు సంగతి. 2012లో ఐస్‌లాండ్‌లో చేసిన పరిశోధనలో తండ్రి వయసు ఒక్కో ఏడాది పెరిగే కొద్దీ బిడ్డలో సుమారు రెండు కొత్త జన్యు మార్పులు అదనంగా చేరుతున్నట్టు తేలింది. 2015లో అయిదు దేశాల్లో 57 లక్షల మంది పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఇరవైల్లో ఉన్న తండ్రులతో పోలిస్తే నలభైల్లో ఉన్న తండ్రుల పిల్లల్లో ఆటిజం 28 శాతం, 50 దాటిన తండ్రుల పిల్లల్లో 66 శాతం ఎక్కువ. నలభైల్లో ఉన్న తల్లుల పిల్లల్లో 15 శాతం ఎక్కువ. ఇరవై నిండని తల్లుల పిల్లల్లో 18 శాతం ఎక్కువ. మియా బీబీల మధ్య వయసు తేడా పదేళ్లు, ఆపైన ఉంటే అక్కడా కొంచెం ఎక్కువే. గల్ఫ్ పైసలతో ఖాందాన్‌ను నిలబెట్టి లేటుగా దుల్హా అయ్యే మనవాళ్లు, పదహారు పదిహేడేళ్లకే దుల్హన్ అయ్యే మన ఆడపిల్లలు, ఇద్దరూ ఈ లెక్కలో ఉన్నారు. రిష్తా చూసేటప్పుడు ఆడపిల్ల రంగు అడుగుతాం, చదువు అడుగుతాం. మగాడి వయసు అడిగితే బేఅదబీ అనుకుంటాం.

ఇది చదివిన రోజు నాకు ఒక హథియార్ దొరికినట్టు అనిపించింది. వెంటనే మా చెల్లెకు ఫోన్ చేశాను. "నీ సాస్‌కు చెప్పు, కసూర్ ఉంటే వాళ్ల కొడుకు వయసుదని" అన్నాను. అది కాసేపు చప్పుడు చేయలేదు. తర్వాత అంది: "ఏ భీ ఇల్జామిచ్ హై నా భాయ్‌జాన్?"

నిజమే. ఇల్జామ్‌ను ఒకరి మీది నుంచి తీసి ఇంకొకరి మీద పెట్టడానికి చూశాను. ఆ మనిషి ఎందుకు లేటుగా షాదీ చేసుకున్నాడు? చెల్లెళ్ల కోసం. దానికీ శిక్ష వేద్దామా? ఈ శాతాలన్నీ లక్షల మందిని కలిపి చూసినప్పుడు కనిపించే మొగ్గు మాత్రమే. 45 ఏళ్ల తండ్రుల పిల్లల్లో చాలా చాలా ఎక్కువమందికి ఆటిజం ఉండదు. 25 ఏళ్ల తండ్రుల పిల్లల్లో కొందరికి ఉంటుంది. ఒక్క పిల్లవాడిని చూపించి ఇతనికి ఇందువల్లే వచ్చిందని ఏ శాతమూ చెప్పలేదు. ఒక ఇంటి మీద ఫైసలా ఇవ్వడానికి ఆ లెక్కలు పనికిరావు.

మరి దేనికి పనికొస్తాయి? ముందు జాగ్రత్తకు. మనకు దగ్గరి లెక్క ఒకటుంది. 2018లో అచ్చయిన భారతీయ అధ్యయనం అయిదు చోట్ల, అందులో మన హైదరాబాద్ ఒకటి, 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు 3964 మందిని పరీక్షించింది. సుమారు నూటికి ఒకరికి ఆటిజం కనిపించింది. ఆటిజం ఒక్కదానికే కాదు, మూర్ఛ, వినికిడి లోపం, సెరిబ్రల్ పాల్సీ లాంటి నాడీ ఎదుగుదల సమస్యలన్నిటికీ కలిపి చూస్తే, దవాఖానాలో కాకుండా బయట జరిగిన కాన్పు, పుట్టగానే ఊపిరి అందకపోవడం, నెలలు నిండకపోవడం, తక్కువ బరువు, పుట్టిన కొత్తలో జబ్బు చేయడం, మెదడుకు ఇన్ఫెక్షన్, గిడసబారిన ఎదుగుదల ముడిపడి కనిపించాయి. వీటిలో చాలా వాటిని ఆపొచ్చు. జచ్గీ దవాఖానాలోనే కావాలి. పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు వస్తే పసరు పోయించుకుంటూ కూర్చోకూడదు. కాన్పుల మధ్య ఎడం ఉండాలి. కాలిఫోర్నియాలో 2011లో వచ్చిన లెక్క ప్రకారం, ముందు బిడ్డ పుట్టిన ఏడాదిలోపే మళ్లీ హమల్ నిలిచిన పిల్లల్లో ఆటిజం, మూడేళ్లు ఎడం ఉన్నవాళ్లతో పోలిస్తే మూడు రెట్లకు పైగా కనిపించింది.

మూర్ఛకు వాడే వాల్ప్రోయేట్ మందు ఇంకో సంగతి. డెన్మార్క్ లెక్కల్లో, హమల్‌లో ఆ మందు వాడిన తల్లుల పిల్లల్లో నూటికి నలుగురికి పైగా ఆటిజం కనిపించింది. వాడనివాళ్లలో అది ఒకటిన్నర. మూర్ఛ ఉన్న ఆడపిల్ల షాదీకి ముందే డాక్టర్‌తో ఈ మాట మాట్లాడాలి. మందు సొంతంగా ఆపేయకూడదు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. రిష్తా చెడిపోతుందని ఆడపిల్ల మూర్ఛను దాచే ఇళ్లు మనలో ఉన్నాయి. దాచడం వల్ల జరిగే నష్టం ఇక్కడ కూడా ఉంది.

రుబెల్లా సంగతి వింటే ఆశ్చర్యపోతారు. 1964లో అమెరికాలో రుబెల్లా చెలరేగినప్పుడు, ఆ జ్వరం తగిలిన గర్భిణులకు పుట్టిన పిల్లల్లో ఆటిజం మామూలు కంటే చాలా ఎక్కువగా కనిపించింది. అంటే రుబెల్లా టీకా కొంత ఆటిజాన్ని ఆపే టీకా. 2017లో మన బడులకు మీజిల్స్ రుబెల్లా టీకా వచ్చినప్పుడు వాట్సాప్‌లో ఏం తిరిగింది? టీకాతోనే ఆటిజం వస్తుందని. ఆ పుకారు మూలం 1998లో లండన్‌లో 12 మంది పిల్లల మీద వచ్చిన ఒక వ్యాసం. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, రాసిన డాక్టర్ లైసెన్సు పోయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల్ని చూసి టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని 2019లో మళ్లీ తేల్చారు.

చాచాజాద్, మామూజాద్ రిష్తాల గురించి కూడా అడుగుతారు. మన పక్కింటి హిందువుల్లోనూ మేనరికాలున్నాయి, ఇది మన ఖౌమ్ ఒక్కదాని సంగతి కాదు. దగ్గరి రిష్తాల్లో అమ్మీ అబ్బా ఇద్దరిలోనూ దాగిన ఒకే లోపం బిడ్డలో కలిసే అవకాశం ఎక్కువ. అట్లాంటి ఖాందాన్లలో ఆటిజంతో ముడిపడిన జన్యువులు కొన్ని 2008లో దొరికాయి. కానీ బయటి రిష్తాల పిల్లల్లోనూ ఆటిజం ఉంది. ఖాందాన్‌లో ఇప్పటికే ఇట్లాంటి పిల్లలుంటే, షాదీ మాట ఖాయం కాకముందే జన్యు సలహా తీసుకోవడం మంచిది. ఒక బిడ్డకు ఆటిజం ఉంటే తర్వాత పుట్టేవాళ్లలో అయిదుగురిలో ఒకరికి ఉండొచ్చు. కాబట్టి చిన్నదాన్ని మొదటి ఏడాది నుంచే కనిపెట్టి చూడాలి.

బిడ్డ పుట్టాక ఇవన్నీ పాత సంగతులే. అప్పుడు మన చేతిలో మిగిలేది వక్త్ ఒక్కటే. మా ఇంట్లో పోయిందీ అదే. కసూర్ ఎవరిదని తేల్చడంలో ఆరు నెలలు, తావీజుల్లో కొన్ని నెలలు, ఆ తర్వాత లాక్‌డౌన్. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వికలాంగుల సంస్థకు పిల్లవాడిని తీసుకెళ్లేసరికి వాడికి నాలుగేళ్లు. రెండేళ్లప్పుడే వెళ్లాల్సిన చోటు అది.

ఇంకో మాట. మొదట్లో ఎవరో టీచర్ మా చెల్లెతో, ఇంట్లో ఉర్దూ మానేసి ఒక్క ఇంగ్లీషే మాట్లాడమని చెప్పింది. రెండు భాషలు వింటే పిల్లవాడు కలవరపడతాడట. మా చెల్లెకు ఇంగ్లీషు అంతంతే. దాంతో కొడుకుతో మాట్లాడటమే తగ్గించేసింది. రెండు భాషల ఇళ్లలో పెరిగే ఆటిజం పిల్లలు అందువల్ల వెనకబడటం లేదని చాలా అధ్యయనాలు చెప్తున్నాయి. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తల్లి ఏ భాషలో లాడ్ చేస్తుందో, పిల్లవాడికి ముందుగా అందేది ఆ భాషే.

వాడికిప్పుడు ఎనిమిదేళ్లు. ఉర్దూలో చిన్న చిన్న మాటలు కలుపుతాడు. ఆకలైతే చెప్తాడు. కుక్కర్ విజిల్ వస్తే ఇప్పటికీ చెవులు మూసుకుంటాడు. వైకల్య ధ్రువపత్రం తీసుకున్నారు. 2016 చట్టంలో ఆటిజం ఉంది, జిల్లా ప్రభుత్వ దవాఖానాలో అడగొచ్చు. మా బెహనోయి గల్ఫ్ మానేసి నిజామాబాద్‌లోనే దుకాణం పెట్టాడు. థెరపీకి వాడిని తీసుకెళ్లేది ఆయనే.

పోయిన బక్రీద్‌కు నిజామాబాద్ వెళ్లినప్పుడు ఆ సుర్ఖీ నేనే పెట్టానని, అది తప్పని మా చెల్లె సాస్ ముందు చెప్పాను. ఆమె కాసేపు నన్ను చూసింది. "మరి తప్పని అఖ్బార్‌లో ఎందుకు వెయ్యలేదు బేటా?" అని అడిగింది. నా దగ్గర జవాబ్ లేదు. అందుకే ఆరేళ్లు ఆలస్యంగానైనా ఇక్కడ రాస్తున్నాను.

మీ ఇంట్లో ఏడాది దాటిన పిల్లలు పిలిస్తే పలక్కపోతే, ఏడాదిన్నరకు వేలితో చూపకపోతే, వచ్చిన మాటలు పోతే, ముందు చెవి పరీక్ష, వెంటనే పిల్లల డాక్టర్. దువా చేయండి, దవా కూడా చేయండి. ఆ తల్లిని కసూర్ ఏమిటని అడక్కండి. ఈ వారం థెరపీకి ఎవరు తోడొస్తున్నారని అడగండి. ఎవరూ లేరంటే మీరు వెళ్లండి.